తలకిందులైన సముద్రం

పుయెర్తో లోరో,
జూన్ 24.

పూజ్యురాలైన ఓర్తెన్సియా అక్కకు,

మీ తోటికోడలు దెలియా మీ రెండు చేతులూ కళ్లకద్దుకుని రాసుకునేది. ఇక్కడ మేమిద్దరం తింటున్నాం, లేస్తున్నాం. క్షేమమని రాయడానికి మాత్రం చెయ్యి ఒప్పుకోలేదు. మీరూ, పాప నీవెస్ ఎలా ఉన్నారో అని రోజూ అనుకుంటాను.

మీరు పంపిన ఎండుచేపలు అందాయి. మూటతో వచ్చిన కబురూ అందింది. జాలర్లని కాచే సాన్ పెద్రో పండగనాడు స్వామి పల్లకీని పడవెక్కించేటప్పుడు ఫెర్మీన్ బావగారు మోసే చోటు ఖాళీగా ఉండకూడదనీ, తమ్ముడే వచ్చి భుజం పట్టాలనీ చెప్పి పంపారు. ఆయన రానంటున్నారు అక్కా. పట్నం ఉద్యోగం వచ్చాక అన్సెల్మోకి చేపల వాసన పడటం లేదని మీరన్నారట. అది కాదు. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

ఆయన పనేమిటో నాకూ చాన్నాళ్లు తెలియలేదు. సముద్రం పటాలు గీసి, తప్పిపోయిన పడవని ఎటు వెతకాలో చెప్పే ఆఫీసు వాళ్లది. ఒకసారి గుడ్ల అట్టలు ముందేసుకుని చెప్పారు. ఒక అట్ట సముద్రం పైభాగమట. ఒక్కో గుంటలో ఒక్కో అంకె. అక్కడ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో, ఎటు లాగుతున్నాయో ఆ అంకెలు చెబుతాయి. దాని కింద లోతు నీళ్లకి ఇంకో అట్ట, దాని కింద ఇంకోటి. గంటకో దొంతర. ఇదంతా కంప్యూటర్లోకి మాత్రం తెగని పోగులా ఒకే వరసలో వస్తుందట. ఏ అంకె ఏ గుంటలో పడాలో, మొదటి వరస ఉత్తరాన మొదలవుతుందో దక్షిణాన మొదలవుతుందో ఆ ఫైలు తలమీదే రాసి ఉంటుంది. ముందు తల చదవండి, తర్వాతే ఒళ్లు ముట్టుకోండి అని కొత్తగా చేరినవాళ్లకి ఆయనే చెప్పేవారు.

మార్చిలో బావగారి పడవ ఇంజను ఆగిపోయిందని రేడియోలో కబురు వచ్చింది కదా. ఆ వారమే ఆఫీసుకి కొత్త రకం ఫైళ్లు రావడం మొదలైంది. పాతవన్నీ దక్షిణం నుంచి మొదలయ్యేవి, ఇవి ఉత్తరం నుంచి. తప్పిపోయింది సొంత అన్న. ఆయన తొందరపడ్డారు. తల చదవలేదు. పాత పద్ధతిలోనే అంకెలు నింపేశారు. ఉత్తరాన ఉండాల్సినవి దక్షిణాన కూర్చున్నాయి, అక్కడివి ఇక్కడికొచ్చాయి. నడిసముద్రం పటం, అందులో ఒడ్డు లేదు. తలకిందులైందని ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ పటం ప్రకారం పడవ ఉత్తరానికి కొట్టుకుపోవాలి. ఓడలు రెండూ, విమానమూ ఆరు రోజులు ఉత్తరానే వెతికాయి. బావగారిని నీళ్లు పడమటికి లాక్కుపోయాయి.

పదకొండో రోజున చేపల ఓడవాళ్లు పడవనీ, అందులో ప్రాణం లేని బావగారినీ లాక్కొచ్చారు. లోపలి పలక మీద కత్తితో గీసిన ఏడు గీతలనీ మీరు ఒక్కొక్కటే వేలితో తడిమారు. "ఏడు రోజులు మనకోసం చూశాడు" అన్నారు. నేను మీ పక్కనే ఉన్నాను. ఆయన మీ వెనక నిలబడ్డారు. ఆ రోజు నుంచి ఆయన నా ఎదురుగా కూర్చుని అన్నం తినలేదు.

సమాధి చేసి వచ్చాక ఆ ఫైలు మళ్లీ తెరిచి, తల చదివారు. వెళ్లి ఆఫీసు పెద్దాయనకి చెప్పుకున్నారు. సముద్రం చేసిన పని నీ నెత్తిన వేసుకోకు, కాగితం మీద పెట్టకు అని ఆ పెద్దాయన పంపేశారు. మీకు చెప్పాలని రెండుసార్లు బస్సెక్కి మీ ఊరి మలుపు దాకా వచ్చారు. దిగలేక తిరిగొచ్చారు. ఈ ఉత్తరం సంగతి ఆయనకు తెలియదు.

స్వామి పల్లకీ ఆయన భుజాన పెట్టాలో వద్దో ఇప్పుడు మీరే చెప్పండి. తిట్టండి, గడప తొక్కొద్దనండి. ఏదన్నా మీ నోటితోనే అనండి. ఎవరూ ఏమీ అనకపోవడమే ఆయన్ని తినేస్తోంది.

మీ మాట కోసం వాకిలివైపే చూస్తూ,
దెలియా.

తాజా కలం: సంతకం పెట్టాక కూడా లేవలేకపోయాను. మా పెళ్లిలో మీరన్నారు గుర్తుందా, మా మరిదికి మూగపిల్లని కట్టబెట్టారు, బేరమాడటం కూడా రాదు అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ పటం గీసిన పొద్దున నేనూ ఆ ఆఫీసు గదిలో ఉన్నాను అక్కా. అక్కడి వంటామె రాలేదని అందరికీ కాఫీ ఇవ్వడానికి ఆయనే రమ్మన్నారు. తెర మీద పటం చూశాను. నీలం అంటే చల్లన అని ఆయన నాకు ముందే చెప్పారు. ఆ నీలమంతా పైన, ఉత్తరాన ఉంది. ఎరుపు కింద ఉంది. నేను జాలరి కూతుర్ని. మన సముద్రంలో చలి దక్షిణం నుంచి వస్తుందని వల పట్టని పిల్లకి కూడా తెలుసు. మాట గొంతు దాకా వచ్చింది. చదువుకున్నవాళ్లు ఎనిమిది మంది ఉన్నారు. అయిదో తరగతి దాన్ని, నాకేం తెలుసులే అనుకున్నాను.

తప్పంతా తనదేనని ఆయన అనుకుంటున్నారు. ఆ గదిలో నేను నోరు విప్పి అడిగింది ఒక్కటే, చక్కెర ఎన్ని చెంచాలని.