సున్నా ఫిర్యాదుల వీధి

1వ తేదీ. ఉదయం 6.10
నిర్ణయం! ముప్పై రోజుల్లో డేటాను బొమ్మలుగా గీసి, వాటితో కథలు చెప్పడం నేర్చుకుంటాను. మా నీటి సరఫరా ఆఫీసు కంప్యూటర్లో ఆరేళ్ల ఫిర్యాదులు మూలుగుతున్నాయి. పదకొండు వేల వరుసలు! వాటి మొహం చూసిన నాథుడు లేడు. 26న పెద్ద ఇంజనీరు ముందు చార్టులు పెట్టాలి. ఆయనకు నచ్చితే కొత్త డేటా గదిలో కుర్చీ నాదే. ఆన్‌లైన్ కోర్సులో చేరిపోయాను.

మా ఫిర్యాదుల మేడమ్ ఇంకా రిజిస్టరు చేత్తోనే రాస్తుంది. ఎవరో వచ్చి ఆవిడ రాతను కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. పాపం, ఏ కాలం మనిషో!

3వ తేదీ. 6.40
కోర్సు గురువు: "డేటా మాట్లాడుతుంది. మీరు వినాలి." అని, రెండు గంటలు తనే మాట్లాడాడు.

5వ తేదీ. 7.15
నా మొదటి చార్టు! ముప్పై రెండు వీధులు, ముప్పై రెండు ముక్కలు, ముప్పై రెండు రంగులు. మా ఆవిడ చూసి, "ఇదేంటండీ, రంగులరాట్నమా?" అంది. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన! (పైకి అనలేదు. బతకాలిగా.)

11వ తేదీ. 8.50
పాఠం చూడలేదు. కారణాలు:
తలనొప్పి.
నిన్నటి తలనొప్పి.
గురువు గొంతు.

17వ తేదీ. 9.05
ఆరు పాఠాలు వెనకబడ్డాను. "డేటాను శుభ్రం చేయడం" అన్న పాఠం మూడు గంటలట! ఇల్లు ఊడవడానికే లేని ఓపిక దీనికి ఎక్కడిది? వదిలేశాను. కథ చెప్పడం పుట్టుకతో రావాలి. నాకు వచ్చింది.

22వ తేదీ. మధ్యాహ్నం 1.20
దొరికింది కథ! ఒక వీధిలో ఆరు నెలలుగా ఫిర్యాదులు సున్నా! అదీ మా అక్క ఉండే వీధి. అక్క ఎప్పుడు ఫోన్ చేసినా నీళ్లు లేవనే గోల. ఆవిడకి అది అలవాటు. డేటా అబద్ధం చెప్పదు, అక్క చెబుతుంది. చార్టు పేరు: "సంతృప్తి చెందిన వీధి".

మేడమ్ తొంగిచూసి, "సున్నా అంటే నీళ్లొస్తున్నాయని కాదు బాబూ, ఎవరూ వచ్చి చెప్పలేదని," అంది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ రిజిస్టరులో దూరిపోయింది. ఈర్ష్య!

26వ తేదీ. సాయంత్రం 4.00
చప్పట్లు! పెద్ద ఇంజనీరు నా భుజం తట్టి, సంతృప్తి చెందిన వీధికి వంతు ప్రకారం వచ్చిన రిపేరు బృందం దండగని అక్కడికక్కడే పక్క పేటకు మార్చేశాడు. కుర్చీ నాది!

28వ తేదీ. ఉదయం 7.30
అక్క ఫోన్. "రిపేరు వాళ్లు సామాను సర్దుకుని పోయారేంట్రా? ఎదురింటి పెద్దాయన మంచం మీద ఉన్నాడు, ఆయనకి బిందె నీళ్లు నేనే మోస్తున్నా."

"మరి మీ వీధి నుంచి ఒక్క ఫిర్యాదు కూడా లేదక్కా!"

"మా తమ్ముడు ఆ ఆఫీసులోనే ఉన్నాడు, వాడికి చెబితే చాలని అందర్నీ నేనే ఆపాను. ఆరు నెలలుగా నీకు చెబుతూనే ఉన్నాగా!"

తల కొట్టేసినట్టయింది. పదకొండు వేల వరుసలు చదివాననుకున్నాను. ఒక్క ఫోన్ వినలేదు.

29వ తేదీ. 11.00
పెద్ద ఇంజనీరుకు నిజం చెప్పాను. "మొన్న అంత బాగా చెప్పావుగా కథ!" అన్నాడు. రాతపూర్వకంగా ఫిర్యాదులొస్తేనే బృందం వెనక్కి వస్తుందట. కుర్చీ పోయింది. నన్ను మేడమ్ కింద వేశాడు. ఆవిడ ఖాళీ రిజిస్టరు ఒకటి చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది.

1వ తేదీ. ఉదయం 6.10
నిర్ణయం! మళ్లీ ముప్పై రోజులు. ఈసారి మొదటి పాఠం నుంచి. ముందు డేటా సంపాదించాలి.

7.00
అక్క వీధి. మొదటి ఇల్లు అక్కదే. పేరు రాశాను, ఇంటి నంబరు రాశాను. తరవాతి గడి: ఫిర్యాదు ఎవరి మీద?

"నీ మీదే రాసుకో," అంది అక్క, ఖాళీ బిందె పక్కన పెట్టి.

రాసుకున్నాను. ఇంకా నలభై ఇళ్లున్నాయి.