అత్తయ్య పేరు

ఆదివారం రాత్రి

ఈరోజు నా నోటి నుంచి అత్తయ్య పేరు వచ్చేసింది. అదీ "ఒసేయ్" అని చేర్చి మరీ!

నా కూతురికి ఆవిడ పేరే పెట్టుకున్నాం. కోడలు అత్తగారి పేరు పలకకూడదు కదా, అందుకే స్కూల్లో సీతారావమ్మ అయినా నాకు మాత్రం అది ఎప్పుడూ చిట్టే. పొద్దున కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లో ఆడి ఆడి, అవే చేతులతో కళ్ళు నులుముకోబోయింది. నేనేమో అటు చివర కాయల కింద పరిచిన టార్పాలిన్ పట్టా లాగుతున్నాను. పరుగెత్తినా అందదు.

"ఒసేయ్ సీతారావమ్మా! కళ్ళ మీద చెయ్యేశావంటే వీపు చీరేస్తా!"

పిల్ల ఆగింది. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న అత్తయ్య చేతులూ ఆగాయి. కూలికొచ్చిన ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

సాయంత్రం దాకా ఆవిడ కంటపడకుండా తిరిగాను. చివరికి అన్నం వడ్డిస్తూ, "నోరు జారింది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ కలుపుతున్న ముద్ద ఆపి, "మా అమ్మ పోయాక నన్ను ఒసేయ్ అన్నవాళ్ళే లేరే. అందరూ అత్తయ్యా, నాయనమ్మా అనేవాళ్ళే. రేపు కూడా దాన్ని అట్టాగే కేకెయ్యి, నేను వింటా" అన్నారు.

కోపం లేకుండా తిట్టడం ఎలాగో నాకేం తెలుసు? ఇందాక నిద్రపోతున్న పిల్ల పక్కన చేరి, "ఒసేయ్ సీతారావమ్మా" అని మెల్లగా అని చూశాను.

పిల్ల కదల్లేదు. అవతలి మంచం మీద నుంచి అత్తయ్య నిద్రలోనే, "వస్తన్నానమ్మా" అన్నారు.