గడి గేటు దగ్గర చెప్పులు

శుక్రవారం, బుసైతీన్

చిట్టీ, పాత దొర కోటలాంటి గడిలో పెట్టిన ఆడపిల్లల బడిలో నిన్ను దింపి వచ్చానని మీ అమ్మమ్మ ఫోన్ చేసింది. పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నావు. హాస్టల్లో నీ దగ్గర ఫోన్ ఉండదు కాబట్టి ఈ నోటుబుక్కులోనే రాసుకుంటున్నాను. ఈ గల్ఫ్ దేశంలో నేను పనిచేసే మేడమ్ ఇంట్లో పొద్దంతా ఇస్త్రీ చేసి కాళ్లు గుంజుతున్నాయి.

"గేటు కాడికి పోంగనే చెప్పులు ఇడిచి చేతిల పట్టుకున్ననే. దొరల కాలం అలవాటు, కాళ్లకు ఇంక యాదికున్నది" అన్నది అమ్మ. "నీ బిడ్డ గుంజుకొని కింద పెట్టింది. 'ఏసుకో అమ్మమ్మా, గిది నా బడి, దొరది కాదు' అన్నది."

ఇద్దరం నవ్వుకున్నాం. మీ అక్క పోయినప్పటి నుంచి నేను నవ్వింది లేదు.

అక్క కూడా నీలాగే హాస్టల్లో ఉండి చదువుకునేది. అక్కడే జ్వరంతో పడుకుంది. ఎవరికీ చెప్పలేదు. తెలిసేసరికి చేయి దాటిపోయింది, నేనేమో ఇక్కడ. అందుకే అమ్మ ఫోన్ పెట్టేశాక, రేపే నిన్ను వెనక్కి తీసుకురమ్మందామని మళ్లీ ఫోన్ పట్టుకున్నాను. 'నా బడి' అన్న నీ మాట గుర్తొచ్చి పక్కన పెట్టేశాను. చేసింది మంచో చెడో నాకే తెలియడం లేదు…

ఉండు బిడ్డా. ఒళ్లు వెచ్చబడితే దాచుకోకు, టీచరమ్మకు చెప్పు. అక్క రోజూ అన్నం సగంలోనే వదిలేసేదని తర్వాత తెలిసింది. నువ్వు కడుపునిండా తిను.