రెండు పేటల తాడు

మంగళవారం, పడుకునే ముందు

ఈరోజు నాన్నకు పలాసలో డయాలసిస్. ఆయన మంచం పక్కనే కూర్చుని రేపటి బోటనీ పరీక్షకు చదువుకున్నాను.

"ఏటి సదువుతున్నావమ్మా?" అన్నాడు.

డీఎన్‌ఏలో రెండు పోగులు మెలిక పడి ఉంటాయని, ఆర్‌ఎన్‌ఏ మామూలుగా ఒంటి పోగేనని, అందులో థైమిన్ బదులు యురాసిల్ ఉంటుందని చెప్పాను.

ఏళ్ల తరబడి కొబ్బరి పీచుతో తాళ్లు పేనిన మనిషి కదా, ఇట్టే పట్టేశాడు. "అయితే డీఎన్‌ఏ రెండు పేటల తాడన్నమాట. ఒక పేట పాడైతే ఏటవుద్ది?"

"రెండో పేటని సూసి కణమే బాగుసేసుకుంటాది నాన్నా."

తర్వాత మెల్లగా అడిగాడు. "నా కిడ్నీ జబ్బు ఆ తాడులోంచి నీకూ వత్తాదేటి?"

ఆ భయం నాకూ ఉంది. అందుకే రక్తపరీక్షను ఇన్నాళ్లూ వాయిదా వేశాను.

"మన ఉద్దానంలో ఇంతమందికి ఇది ఎందుకొత్తందో డాక్టర్లే ఇంకా తేల్సలేదు నాన్నా. ఇయ్యాలే రక్తం ఇత్తాను" అన్నాను. ఇచ్చాను కూడా.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ మామూలుగానే ఉంది. ఏటేటా చూపించుకోమన్నారు. వచ్చే ఏడు ఎలా ఉంటుందో...

వజ్రపుకొత్తూరు బస్సులో నాన్న ఆ కాగితాన్ని మడత పెట్టనివ్వలేదు. ఊరు వచ్చేదాకా చేతిలోనే పట్టుకుని, మళ్లీ మళ్లీ చూసుకున్నాడు.