దవడపన్ను బొత్తం గల బేస్ గిటారు ఎవరికి చెందాలి

కట్టుడుపళ్ళు తయారుచేసే పనిలో ముప్ఫై ఏడేళ్ళు అరిగిపోయి, ఇరవయ్యారేళ్ళుగా తీరిక వేళల్లో నలుగురి బృందంలో బేస్ గిటారు వాయిస్తున్న నేను, అరవై నాలుగేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. గుండె గురించి అలాంటి కాగితం ఇవ్వలేకపోయాడు. గురువారం ఉదయం ఆపరేషన్. అందుకని సోమవారమే ఈ పని ముగిస్తున్నాను.

మిగతా క్లాజులన్నీ లాంఛనం. అసలు తేలాల్సింది ఒక్కటే: నా బేస్ గిటారు ఎవరికి పోవాలి? ఇన్నేళ్ళలో నా వాయింపును నిజంగా విన్నవాళ్ళు ఒక్కరుంటే వాళ్ళకి పోవాలి. ఉన్నారా అన్నదే నా అనుమానం. బేస్ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నాలుగు లావు తీగలుంటాయి, పాటకి అడుగున ఉంటుంది. ఇంటికి పునాది లాంటిదని మేం చెప్పుకుంటాం. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ పునాది బాగుందని అనరు.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత మా బృందం గాయకుడికి అప్పగిస్తున్నాను. ఆయన వృత్తి దస్తావేజులు రాయడం. నేను చెబుతుంటే ఈ కాగితం కూడా ఆయనే రాస్తున్నాడు, కనుక ఆయన గొంతు మీద నా అభిప్రాయం ఇక్కడ పూర్తిగా రాయించలేకపోతున్నాను. ఆయన తన పద్ధతి ముందే చెప్పాడు: కలం పెట్టి రాసిన ముక్క కొట్టెయ్యడు. కొట్టివేతలున్న దస్తావేజు కోర్టులో నవ్వులపాలవుతుందట. మనసు మారితే కింద ఇంకో క్లాజు రాయించుకోవాలి. పాట పాడేటప్పుడు మాత్రం చరణం మరిచిపోతే ఏ మొహమాటం లేకుండా మళ్ళీ మొదటికొస్తాడు.

2. ఇల్లు, బ్యాంకులో ఉన్నది, బీరువాలో ఉన్నది, సమస్తం నా భార్యకి. అందులో ఎవరూ వేలు పెట్టరాదు.

ఇదే క్లాజులో ఆమెకి ఒక క్షమాపణ. పాత బేస్ తీగలు నీళ్ళలో ఉడకబెడితే జిడ్డు వదిలి మళ్ళీ కొత్తవాటిలా మోగుతాయి. సంగతి నిజమే గాని, అందుకు ఆమె పాలు కాచుకునే గిన్నె వాడటం నా తప్పు. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టాలు టీ తాగుతూ, "టీలో ఏం వేశావొదినా, ఇనుము రుచి తగులుతోంది" అంటే, "మీ అన్నయ్య సంగీతం" అంది. ఆ గిన్నె పారేసి కొత్తది కొనుక్కోవాలని మనవి.

ఆమె మా కార్యక్రమాలకి ఒక్కసారి కూడా రాలేదు. వస్తే ముందు వరుసలో కూర్చోవాలి, కూర్చుంటే చప్పట్లు కొట్టాలి, కొడితే అబద్ధమవుతుంది అని మొదట్లోనే చెప్పేసింది. అబద్ధమాడని మనిషితో ముప్ఫై ఆరేళ్ళు కాపురం చేశాను. నేను సంపాదించిన ఆస్తిలో అసలైనది అదే.

3. నా ఆంప్లిఫయరు, అంటే బేస్ శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె, అమ్మాయికి. బరువు ముప్ఫై ఎనిమిది కిలోలు. మోసే బాధ్యత అల్లుడిది. దానికో జబ్బుంది, అప్పుడప్పుడు ఎక్కడి మాటలో పట్టుకుని వినిపిస్తుంది. ఒక సంతాపసభలో అందరూ తలలు వంచుకుని మౌనం పాటిస్తుంటే, ఏ టాక్సీ డ్రైవరుదో గొంతు అందులోంచి, "సార్, మీ బండి వచ్చేసింది, ఇక కిందికి దిగండి" అంది. పోయినాయన తమ్ముడు మమ్మల్ని గేటు దాకా తరిమాడు. అయినా దీన్నెందుకు ఇస్తున్నానంటే, అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు ఎవరెత్తుకున్నా ఏడుపు ఆపేది కాదు. ఈ పెట్టె ఆన్ చేసి, పక్కన బొంత వేసి పడుకోబెడితే ఆ గుర్రుమనే చప్పుడుకి నిద్రపోయేది. ఇప్పుడు దానికి పుట్టినవాడు కూడా నిద్రపోడని విన్నాను.

4. మా డ్రమ్ము వాయించేవాడు డ్రైవింగు స్కూల్లో మాస్టారు. జీవితమంతా పక్క సీట్లో కూర్చుని బ్రేకు మీద కాలుంచిన మనిషి, డ్రమ్ము ముందు కూర్చున్నా ఆ కాలు తీయలేకపోయాడు. ఏ పాట మొదలెట్టినా చివరికి నడకలోకి దించుతాడు. అందరం బ్రేకు అనే పిలుస్తాం. ఆయనకి నేను ఏమీ రాయడం లేదు. కోపం వల్ల కాదు. సాక్షి సంతకం ఆయన చేస్తున్నాడు, సాక్షికి ఏమైనా రాస్తే చెల్లదట.

5. వైర్ల సంచి. అందులో పదకొండు వైర్లున్నాయి, రెండు పనిచేస్తాయి. ఏవో తెలియదు. తెలుసుకునే ఓపికున్నవాళ్ళు తీసుకోవచ్చు.

6. బేస్ గిటారు. నల్లది. నేను కొనేనాటికే ఇద్దరి చేతులు మారింది. ఒక స్కూలు వార్షికోత్సవంలో దాని వాల్యూం బొత్తం ఊడి పిల్లల కాళ్ళ మధ్యకి దొర్లిపోతే, మర్నాడు ల్యాబులో ఎడమవైపు కింది దవడపన్ను ఒకటి పెద్ద సైజులో చేసి బిగించాను. ఇప్పటికీ కదల్లేదు. నేను పెట్టిన పన్ను ఊడదు.

ఇక పగ సంగతి. మా బృందంలో కీబోర్డు వాయించేది నా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు. కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. వాడితో నేను మూడేళ్ళుగా మాట్లాడటం లేదు. ప్రతి శనివారం పక్కపక్కనే నిలబడి సాధన చేస్తాం. చెప్పాల్సింది ఏదైనా ఉంటే బ్రేకుకి చెబుతాను, ఆయన రెండడుగుల అవతలున్న వాడికి చెబుతాడు, తీరిగ్గా. కారణం ఎవరికీ తెలియదు. ఇక్కడ రాయిస్తున్నాను.

మూడేళ్ళ కిందట ఒక ఆఫీసరు రిటైర్మెంటు సభలో రెండు గంటలు వాయించాం. నా కాళ్ళ దగ్గర శ్రుతి చూసుకునే పెడల్ ఒకటుంటుంది. తొక్కితే నా శబ్దం ఆగిపోతుంది, ఎవరికీ వినపడకుండా తీగలు సవరించుకోవచ్చు. మళ్ళీ తొక్కితే శబ్దం వస్తుంది. ఆరోజు నేను మళ్ళీ తొక్కలేదు. పదిహేను పాటలు వాయించాను, ఒక్క స్వరం బయటికి పోలేదు. కళ్ళు మూసుకుని, చొక్కా తడిసేలా వాయించాను. నాకు వినపడినట్టే ఉంది. సామాను సర్దేటప్పుడు చూస్తే పెడల్ మీద ఎర్రదీపం, అంటే శబ్దం ఆగి ఉందన్న గుర్తు, ఇంకా వెలుగుతోంది.

సరిగ్గా అప్పుడే బావమరిది పరుగెత్తుకొచ్చి నన్ను కౌగలించుకుని, "బావా, ఇవాళ దంచేశావ్! ఇన్నేళ్ళలో నువ్వింత బాగా వాయించడం ఇదే" అన్నాడు. ఇరవై మూడేళ్ళలో వాడి నోటి నుంచి వచ్చిన మొదటి మెప్పు అది. నేను లేకపోతేనే పాట బాగుందన్నమాట. ఆ రాత్రి ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు. ఎంత బాధపడ్డానో ఈ కాగితంలో పట్టదు.

కనుక షరతు. నా తదనంతరం, ఈ క్లాజు చదవకముందే, అమలుదారు ప్రతి ఒక్కరినీ విడివిడిగా పిలిచి, "ఆయన బేస్ వినపడని రోజు ఏది?" అని అడగాలి. సరిగ్గా చెప్పినవాళ్ళకి బేస్ చెందుతుంది. ఎవరూ చెప్పలేకపోతే పాత ఇనుము కొనేవాడికి ఇచ్చెయ్యాలి. బావమరిది చెప్పలేకపోతే మాత్రం వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఈ క్లాజు గట్టిగా, రెండుసార్లు చదవాలి.

7. పై క్లాజు రాశాక అమలుదారు కలం మూసి బల్ల మీద పెట్టాడు. టీ కోసమేమో అనుకున్నాను. "అన్నా, ఇది వాడి ముందు నేను చదవలేను. చెప్పనని ఒట్టేశాను, అయినా చెప్పేస్తున్నా. ఆరోజు వాడి కీబోర్డు కూడా మోగలేదు" అన్నాడు.

జరిగింది ఇదట. ఆ హాల్లో వేదిక మీద ఉన్నది ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు, మూడే ప్లగ్గులు పడతాయి. నేను వెళ్ళేసరికి మూడూ నిండి ఉన్నాయి. ఫ్యానుదే కదా అని ఒకటి పీకి నాది పెట్టుకున్నాను. నాకిప్పుడు గుర్తుంది, పీకేశాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంది. మంచి కంపెనీది కాబోలు అనుకున్నాను. నేను పీకింది బావమరిది స్పీకరు వైరు. కీబోర్డు బ్యాటరీది గనుక దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, వాడు వాయిస్తూనే ఉన్నాడు. చివర్లో చూసుకున్నాడు. తన స్పీకరు పెట్టె చచ్చిపడి ఉంది, జనం చూస్తే ఇంకా చప్పట్లు కొడుతున్నారు. అంటే రెండు గంటలు పాటని మోసింది బావ బేస్ ఒక్కటే అనుకున్నాడు. అందుకే పరుగెత్తుకొచ్చి కౌగలించుకున్నాడు.

తన ప్లగ్గు ఉండాల్సిన చోట నా ప్లగ్గు చూశాడు గనుక, వైరు పీకింది నేనేనని వాడికి అప్పుడే తెలుసు. మర్నాడు అమలుదారుకి చెప్పి, "బావకి తెలిస్తే బాధపడతాడు, చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నాడు. ఆపైన నేను మాట్లాడటం మానేస్తే, సంగతి ఎలాగో తెలిసి సిగ్గుతో మొహం చాటేస్తున్నానని అనుకున్నాడట. నన్ను ఇబ్బంది పెట్టకూడదని వాడూ నోరు మెదపలేదు.

కాబట్టి ఆరోజు హాల్లో జనం విన్నది ఒక డ్రమ్ము, ఒక గొంతు. అది విని మూడు పాటలు మళ్ళీ పాడించుకున్నారు. ఈ వాక్యం దగ్గర అమలుదారు అక్షరాలు కాస్త లావుగా పడటం సాక్షులు గమనించగలరు.

ఇక నా సంగతి. రెండు గంటలు కీబోర్డు లేదు. జానెడు దూరంలో నిలబడ్డాను, నాకు తెలియలేదు. నన్నెవరూ వినలేదని మూడేళ్ళు కడుపు రగిలించుకున్న నేను, పక్కవాణ్ణి ఒక్క క్షణం వినలేదు. నేను పెట్టిన షరతు ప్రకారం నా బేస్‌కి నేనే పనికిరాను. సిగ్గుగా ఉంది. ఆరో క్లాజులోని షరతు ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. రాసింది కొట్టెయ్యనన్నాడు గనుక అది అలాగే కనపడుతుంది. కనపడనివ్వండి.

8. ఈ క్లాజు రాయించే ముందు బావమరిదికి ఫోన్ చేశాను. "బావా, పొరపాటున నొక్కావా?" అన్నాడు. కాదు, కావాలనే చేశానన్నాను. వైరు పీకినందుకు క్షమించమన్నాను. పెడల్ సంగతి చెప్పాను.  "మరి ఆరోజు నేను మెచ్చుకుంది ఎవర్ని?" అన్నాడు. ఇద్దరం ఛాతీ పట్టుకునేదాకా నవ్వాం. నా భార్య గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

తర్వాత అడిగాను, నా బేస్ ఎప్పుడైనా విన్నావా అని. "నిజం చెప్పనా? లేదు బావా. తప్పు పోతుందేమోనని నా వేళ్ళే చూసుకుంటూ ఉంటా" అన్నాడు. వాళ్ళక్క తమ్ముడే.

కనుక నా తదనంతరం బేస్ గిటారు ఏ షరతూ లేకుండా బావమరిదికి చెందుతుంది. వాడికి వాయించడం రాదు. అమ్మకూడదని గాని, నేర్చుకోవాలని గాని నేను ఆంక్ష పెట్టడం లేదు.

బుధవారం సాయంత్రం షాపు కట్టేశాక వాడి దగ్గరికి వెళుతున్నాను. గాయకుణ్ణీ బ్రేకునూ రావద్దన్నాం. కలిసి వాయించం. ముందు వాడు వాయిస్తాడు, నేను చేతులు కట్టుకుని కూర్చుంటాను. తర్వాత నేను వాయిస్తాను, వాడు కూర్చుంటాడు. నాకున్నదంతా పై క్లాజుల్లో అందరికీ రాసిచ్చేశాను. ఆ బుధవారం సాయంత్రం మాత్రం ఎవరికీ రాయడం లేదు. అది నాది.

2022 నవంబరు 7, సోమవారం, మా ఇంటి ముందు గదిలో నాకు చదివి వినిపించగా విని, ఈసారి నిజంగానే విని, ఒప్పుకుని చేసిన సంతకం:

(సంతకం) బేస్ గిటారు యజమాని

సాక్షులు:
1. (సంతకం) డ్రైవింగు స్కూలు మాస్టారు
2. (సంతకం) ల్యాబులో నా పక్క బల్ల మీద పై పళ్ళు చేసే సహోద్యోగిని

రాసినది: (సంతకం) దస్తావేజుల లేఖరి, గాయకుడు