తెల్లపాముల నల్లపిల్లలు

లేక్‌లాండ్, ఫ్లోరిడా
జూన్

నా డెల్‌కి,

నువ్వు తలుపు విసిరి వెళ్ళావు. ఆ విసురుకి పాముల గదిలో అద్దాలు అదిరిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. సముద్రంలో చమురు బావి మీద పనికి వెళ్ళేటప్పుడల్లా గుమ్మంలో ఆగి, నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి మరీ వెళ్ళేవాడివి. ఈసారి వెనక్కి కూడా తిరగలేదు. సెలవు దొరికినా ఇంటికి రానని, పెన్సకోలాలో మీ అమ్మ దగ్గరే ఉంటానని టపా మనిషితో చెప్పి వెళ్ళావట. కట్టుకున్నదానికి చెప్పాల్సిన మాట టపా మనిషికి చెప్పావు.

అసలు నువ్వు ఏం చూశావు? మన ఆడపాము క్రీమ్ పిల్లల్ని పెట్టిన పెట్టెలోకి తొంగి చూశావు. తల్లి క్రీమ్ తెల్లనిది, తండ్రి డ్యూక్ తెల్లనిది. రెండింటి ఒంట్లోనూ నల్లచుక్క లేదు, కళ్ళు దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉంటాయి. పుట్టిన పిల్లలేమో మామూలు అడవి బోవా పాముల్లా గోధుమరంగు ఒళ్ళు, వీపు నిండా నల్లమచ్చలు. మచ్చుకైనా ఒక్క తెల్లది లేదు. "తెల్లదానికీ తెల్లదానికీ తెల్లదే పుట్టాలి" అన్నావు. పాములు పెంచే మన క్లబ్బులో అందరూ అదే అంటారు. నేనూ అదే అనేదాన్ని. అంతలో అరలో మచ్చల జాడలున్న కుబుసం నీ కంటపడింది. మన తెల్లపాముల కుబుసం మీద అలాంటి జాడలుండవు కదా. "ఇది మన క్లబ్బు హార్లన్ పాముది" అన్నావు.

అవును, హార్లన్ పాముదే. డ్యూక్ చలికాలమంతా చుట్ట చుట్టుకుని బద్ధకంగా పడుకుంది. ఇంకో మగదాని వాసన తగిలితే మగపాముకి పౌరుషం వస్తుందని నువ్వే నాకు నేర్పావు. నువ్వు ఊళ్ళో లేవని హార్లన్‌ని అడిగాను. తన నల్లమచ్చల పాము విడిచిన కుబుసం సంచిలో తెచ్చి, గుమ్మంలోనే ఇచ్చి వెళ్ళిపోయాడు. కాఫీ తాగమంటే "మా ఆవిడ జెనీవా వంట చల్లారిపోతుంది తల్లీ, ఇంకోసారి" అన్నాడు. అంతే జరిగింది. పాము రాలేదు డెల్, కుబుసం వచ్చింది.

ఇదంతా చెబుతుంటే నువ్వు నవ్వావు. "విడిచింది పామొక్కటేనా నోరీన్?" అన్నావు. ఆ మాట నీ నోట వచ్చిందంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను. పాముపిల్లల రంగు చూసి నా గుణం కొలిచావు.

అవి నల్లగా ఎందుకు పుట్టాయో నాకు తెలియదు. తెలియదు అన్నదాన్ని దొంగ కింద కట్టేస్తే ఇక నేనేం చెప్పగలను? ఇంటికి రా. నా ముఖం చూసి అడుగు. ఏ రంగు పిల్లలు పుట్టినా నా ముఖం మారదు.

నీ నోరీన్


లేక్‌లాండ్
నవంబరు

డెల్,

నేను ఎన్ని ఉత్తరాలు రాస్తే నీ దగ్గర్నుంచి ఒక్క వాక్యం వచ్చింది! "ఒప్పుకుంటే క్షమిస్తాను, ఒప్పుకోకపోతే రాను." కవరులో ఇంకేమైనా ఉందేమోనని దులిపి దులిపి చూశాను.

ఇల్లు నన్ను మింగేస్తోంది. పాములకి ఎలుకలు వేస్తాను, నీళ్ళు మారుస్తాను, దీపాల వేడి సరిచూస్తాను, అంతటితో రోజు అయిపోతుంది. నువ్వు రావని తెలిసీ బల్ల మీద రెండు పళ్ళాలు పెట్టి ఒకటి తీసేస్తున్నాను. క్లబ్బుకి వెళ్తే నీ స్నేహితుడొకడు అందరి ముందూ "తెల్లకోడికి నల్లపిల్ల పుడితే పొరుగింటి పుంజుని అడగాలి కదమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. హార్లన్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేను కూర్చునే ఉన్నాను.

డెల్, నేను ఓడిపోయాను. నువ్వు లేకుండా ఇంకో చలికాలం నావల్ల కాదు. నీకు కావలసిన మాట ఇదిగో, రాస్తున్నాను. హార్లన్ పామూ వచ్చింది, హార్లనూ వచ్చాడు. నువ్వు అనుకున్నదంతా జరిగింది. తప్పు నాది. క్షమించి ఇంటికి రా.

నోరీన్


లేక్‌లాండ్
జూలై, మూడేళ్ళ తర్వాత

డెల్,

ఈ ఉత్తరం అందేసరికి నువ్వు బావి మీదే ఉంటావు. కూర్చుని చదువు.

నేను ఆ నవంబరులో రాసింది అబద్ధం. అడుసు తొక్కకుండానే కాలు కడుక్కున్నాను. నువ్వు వస్తావని రాశాను, నువ్వు వచ్చావు. కానీ వస్తూ వస్తూ ఆ కాగితాన్ని క్లబ్బులో పదిమందికీ చదివి వినిపిస్తావని అనుకోలేదు. హార్లన్‌ని క్లబ్బు నుంచి వెలేశారు. జెనీవా పెట్టె సర్దుకుని ఒకాలా ఊళ్ళో చెల్లెలింటికి పోయింది. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పితే నువ్వు మళ్ళీ వెళ్ళిపోతావన్న భయంతో కుక్కిన పేనులా పడి ఉన్నాను.

నువ్వు నన్ను క్షమించిన తీరు నీకు గుర్తుందా? రొట్టెలు మాడితే "ఫరవాలేదులే, అంతకన్నా పెద్దదే మింగాను" అనేవాడివి. నేను కొత్త గౌను వేసుకుంటే "ఎవరొస్తున్నారు?" అని నవ్వేవాడివి. నీ కోపంలో బతకలేక నీ దయలోకి వచ్చాను డెల్. దయ ఇంకా ఇరుకుగా ఉంది.

ఒకరోజు నువ్వు పనిలో ఉండగా జెనీవా తలుపు తట్టింది. చేతిలో దిండు గలీబు, అందులో ఒక పాము. నువ్వు తిరిగొచ్చాక విసుక్కుని దుకాణానికి ఇచ్చేసిన నల్లపిల్లల్లో ఒకటి, బాగా ఎదిగింది.

"దీన్నెందుకు తెచ్చావు జెనీవా?" అన్నాను.

"నా సవతి బిడ్డ ఎట్లా ఉంటుందో చూద్దామని అప్పుడే కొన్నా" అంది. "కూర్చో, భయపడకు. నా మొగుడి సంగతి నేను కొన్నాళ్ళు నమ్మానే. తర్వాత ఆలోచించా. ఆదివారం చర్చికి రావడానికే బద్ధకించే మనిషి, దొంగచాటుగా మీ ఇంటిదాకా నడుస్తాడా? అందుకే వెనక్కి వచ్చేశా. ఇక నువ్వు చెప్పు. ఎందుకు రాశావు అట్లా?"

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. తర్వాత తన పిట్టల సంగతి ఎత్తింది. జెనీవా రంగు చిలకల్ని పెంచుతుంది కదా, నీకు తెలుసు.

"పిట్టల్లో ఇది పాత కథే. నలుపు తయారవడమంటే రొట్టె కాల్చడమే అనుకో. డ్యూక్ ఇంట్లో పిండి లేదు, క్రీమ్ ఇంట్లో వెన్న లేదు. అందుకే ఎవరింట్లోనూ రొట్టె లేదు, ఇద్దరూ తెల్లగా ఉన్నారు. పెళ్ళి చేస్తే ఆవిడ పిండి తెచ్చింది, ఆయన వెన్న తెచ్చాడు. పిల్లలందరికీ రొట్టె దొరికింది. డ్యూక్‌ని ఎక్కడ కొన్నాడు మీ ఆయన?"

"కాలిఫోర్నియాలో."

"క్రీమ్‌ని?"

"టాంపాలో."

"ఇంకేం. రెండూ తెల్లవే, రెండూ వేరు వంశాలు. మీ మగాళ్ళందరికీ తెలుపు ఒకటే అనిపించింది."

అయితే ఈ పిల్ల మగదైతే క్రీమ్‌తో జత కట్టి చూద్దామన్నాను. జెనీవా నెత్తి కొట్టుకుంది. "ఆడదేలే. మగదైనా లాభం లేదు. తల్లి ఎవరో ఊరందరికీ తెలుసు, తేలాల్సింది తండ్రి. దీన్ని డ్యూక్ దగ్గరికి చేర్చాలి. ఇది హార్లన్ పాము బిడ్డయితే అన్నీ నల్లవే పుడతాయి. డ్యూక్ బిడ్డయితే డ్యూక్ పిండి లోటు దీనిలోనూ దాగి ఉంటుంది, తెల్లవి బయటపడతాయి."

ఆ పిల్ల ఈడుకి వచ్చేదాకా ఆగాం. మొన్న చలికాలం నువ్వు వెళ్ళిన ప్రతిసారీ డ్యూక్‌ని అదే దిండు గలీబులో వాళ్ళింటికి మోసుకెళ్ళి, నువ్వు వచ్చేలోగా తెచ్చేశాను. డ్యూక్ చిక్కిపోయిందని నువ్వు ఎలుకలు ఎక్కువ వెయ్యమన్నావు కూడా.

నిన్న జెనీవా ఇంట్లో ఆ నల్లపిల్ల పిల్లల్ని పెట్టింది. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి. తడి ఆరకముందే ఒకటి తల ఎత్తి ఎర్రకళ్ళతో నన్ను చూసింది. నేను పెట్టె పక్కనే నేల మీద కూర్చున్నాను. జెనీవా నా పక్కనే కూర్చుంది. హార్లన్ ఆ గది గుమ్మం దాటి లోపలికి రాలేదు. నేనున్న గదిలోకి అతను రాక మూడేళ్ళు కావస్తోంది.

నిన్న సాయంత్రమంతా సంతోషం వస్తుందేమోనని చూశాను డెల్. రాలేదు. నా మాట సరిపోని చోట పాముపిల్ల రంగు సరిపోయింది, అంతే కదా. అందుకే ఫొటో తీసి కూడా ఈ కవరులో పెట్టలేదు. నువ్వు నాకిచ్చిన క్షమను మాత్రం తిరిగి పంపిస్తున్నాను. అది నాకు చెందింది కాదు, ఇన్నాళ్ళూ నువ్వు పోతావన్న భయంతో మోశాను.

ఇంటికి తాళం వేశాను. పాములన్నిటినీ జెనీవా చూసుకుంటుంది. తాళంచెవి హార్లన్ దగ్గర ఉంది. నేనెక్కడున్నానో కూడా అతనికే తెలుసు. సెలవుకి వచ్చినప్పుడు వాళ్ళ గుమ్మంలో నిలబడి అడుగు. తాళంచెవి నీకివ్వమని నేనతనికి చెప్పలేదు. ఇవ్వొద్దనీ చెప్పలేదు.

నోరీన్