బ్రేక్ తొక్కేలోపు

జూలై 8, మంగళవారం

ఇవాళ్టి నుంచి నన్ను ట్రామ్ నడపొద్దన్నారు. జీతం ఇస్తారట, ఇంట్లో కూర్చోవాలట. పోయిన గురువారం సిడ్నీ రోడ్డు మీద, ఆగి ఉన్న వ్యాను వెనకనుంచి నెవిల్ కోస్టిగన్ అనే పెద్దాయన నా ట్రామ్‌కి అడ్డంగా వచ్చాడు. చేతిలో క్యాబేజీ. బ్రేక్ తొక్కాను. ఆగింది, కానీ ఆయన్ని కొట్టాకే ఆగింది. తుంటి విరిగింది, ఎడమ కాలు విరిగింది. బతికాడు.

పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క పిల్లి కూడా నా చక్రాల కింద పడలేదు.

జూలై 9

ఎవరు ఫోన్ చేసినా తీయలేదు.

జూలై 14, సోమవారం

డిపో మేనేజర్ ట్రాంటర్ కెమెరా వీడియో చూపించాడు. మనిషి కనబడడానికీ, నేను బ్రేక్ తొక్కడానికీ మధ్య దాదాపు సెకనున్నర. తిప్పి తిప్పి వేశాడు. ఆ సెకనున్నరా ఏం చేస్తున్నావమ్మా డోరిస్ అని అడిగాడు. చూస్తున్నానన్నాను. "చూసి?" అన్నాడు. వీడియోలో అది చాలా పొడుగ్గా ఉంది. సీట్లో కూర్చున్నదానికి అది ఒక్క చూపు.

ఆయనా ఒకప్పుడు ట్రామ్ నడిపినవాడే. అదే ఎక్కువ మండింది.

యూనివర్సిటీలో నాకు రియాక్షన్ టెస్టు చేయిస్తారట.

జూలై 22, మంగళవారం

టెస్టు అయింది. చేసినావిడ డాక్టర్ థూయీ, నా కూతురి వయసు ఉంటుంది. స్క్రీన్ మీద ఎర్ర చుక్క రాగానే పెడల్ తొక్కాలి. అంతే. చుక్క ఎప్పుడొస్తుందా అని కళ్లప్పగించి కూర్చున్నాను. అర సెకను కూడా పట్టలేదు. ముప్పై ఏళ్లవాళ్లతో సమానంగా చేశారని మెచ్చుకుంది.

మా ఆయన లీనో సంబరం పట్టలేక పెట్టె నిండా పాస్టిజ్జీ, అదే, చీజ్ కూరిన పఫ్‌లు, కొనుక్కొచ్చాడు. "నేను చెప్పలేదుటే? నా పెళ్లానిది చిరుత కాలు!" అంటూ ఇల్లంతా తిరిగాడు. వేడివేడిగా తిన్నాం. ఆక్సిడెంటు తర్వాత కడుపు నిండా తిన్నది ఇవాళే.

ఆగస్టు 1, శుక్రవారం

ఎంత వెర్రిదాన్ని!

అర సెకనులోపు తొక్కగల మనిషి సెకనున్నర తీసుకుందంటే, ఆ రోజు ధ్యాస ఇంకెక్కడో ఉన్నట్టేనట. కంపెనీ లాయరు మాట. ట్రాంటర్ నా మొహం చూడకుండా చెప్పాడు. టెస్టు ఫెయిలై ఉంటే వయసైపోయిందని ఇంటికి పంపేవాళ్లు. పాసయ్యాను కాబట్టి నిర్లక్ష్యం అంటున్నారు. ఇంకెలా చావాలి?

మళ్లీ వెళ్లి కాస్త నెమ్మదిగా తొక్కి రావే అన్నాడు లీనో. చేతిలో ఉన్న చెంచా విసిరాను. ఎదురుగానే ఉన్నాడు, చూస్తూనే ఉన్నాడు, తప్పుకోలేదు. నుదుటికి తగిలింది. ఇన్నేళ్ల కాపురంలో నేనెప్పుడూ ఏదీ విసరలేదు, అందుకేనేమో.

ఆగస్టు 4, సోమవారం

చెప్పకుండా యూనివర్సిటీకి వెళ్లాను. చుక్క వస్తుందని మీరే ముందు చెప్పారు, కోస్టిగన్ వస్తాడని నాకెవరు చెప్పారు అని థూయీ మీద అరిచాను. కారిడార్‌లో జనం ఆగి చూశారు. ఆవిడకి కోపం రాలేదు. టీ ఇచ్చింది. రాబోయేదేమిటో తెలిస్తే కాలు ముందే సగం దారిలో ఉంటుందట. తెలియనప్పుడు ముందు అదేమిటో పోల్చుకోవాలి, ఆ తర్వాత నమ్మాలి, ఆ తర్వాతే కాలు కదిలేది. ఈ సంగతి కంపెనీకి రాసిందట, వాళ్లు నంబరు ఒక్కటే చదువుకున్నారట.

అయితే నాకు తెలియకుండా ఏదైనా అడ్డం పంపి టెస్టు చేయండి అన్నాను. "మీకు కుదరదు డోరిస్ గారూ. ఇక మీరు దేన్ని చూసినా ఎదురుచూస్తూనే ఉంటారు" అంది.

ఇంటికి ట్రామ్ ఎక్కలేకపోయాను. నడిచాను. వాన.

ఆగస్టు 20

కిటికీలన్నీ మళ్లీ కడిగాను. కబురు లేదు.

ఆగస్టు 28, గురువారం

ట్రాంటర్ ఫోన్ చేశాడు. మాట తడబడుతోంది. యూనియన్ పట్టుబట్టి పైవాళ్లని ఒప్పించిందట. థూయీ డిపోకి నకిలీ ట్రామ్ క్యాబిన్ తెచ్చి, కొత్త సీటు ఎలా ఉందో చెప్పండని డ్రైవర్లని ఒక్కొక్కరినే కూర్చోబెట్టిందట. స్క్రీన్ మీద చాలాసేపు ఖాళీ రోడ్డు. హఠాత్తుగా మనిషి. అందరికీ నాకు పట్టినంత పట్టింది, కొందరికి ఇంకా ఎక్కువ. మొదట కూర్చున్నది తనేనన్నాడు, తనకీ అసలు సంగతి ముందు చెప్పలేదట.

"నేను బ్రేకే తొక్కలేదు డోరిస్. రెండు చేతులూ పైకెత్తాను. ఎందుకెత్తానో నాకే తెలీదు."

నా మీద ఇక విచారణ లేదు, పనిలోకి రమ్మన్నాడు. సంతోషం రావాలి. రాలేదు. ఎవరు నడిపినా ఆ కాలు విరిగేదే అని తేలింది. దాన్ని నేనేం చేసుకోను? తిట్టుకోవడానికి ఇన్నాళ్లూ ట్రాంటర్ ఉండేవాడు. ఇప్పుడు అతనూ లేకుండా పోయాడు.

సెప్టెంబరు 3, బుధవారం

కోస్టిగన్‌ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాను. ఆయనే రమ్మన్నాడు. దారి పొడవునా మాటలు కూడగట్టుకున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

"నిన్ను చూశానమ్మాయ్. ఒక్క అడుగు వెనక్కి వేస్తే సరిపోయేది. కాళ్లు కదిలితేగా! నీ మొహమే చూస్తూ నిలబడిపోయా. నువ్వేదో చెప్పబోతున్నావనుకున్నా."

నేనూ ఆయన మొహమే చూస్తున్నాను. గడ్డం కింద తెగిన గాటు, దానికి అంటించిన చిన్న కాగితం ముక్క. వీడియోలో అదేదీ లేదు. చెప్పాను. ఆయన గడ్డం తడుముకుని, ఆ పొద్దున కొత్త బ్లేడు అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఊరుకోమ్మా, నేనే ఏడిపించానని నర్సు నన్ను తిడుతుంది అన్నాడు.

ఇక కర్ర లేకుండా నడవలేడట. క్షమించమన్నాను. ఫర్వాలేదని అనలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

పొద్దున మొదటి ట్రిప్పు. సిడ్నీ రోడ్డు పొడవునా కనబడిన ప్రతి మనిషికీ గంట కొట్టాను. ఫుట్‌పాత్ మీద నిలబడ్డవాళ్లకి కూడా. ఒకావిడ చెయ్యి ఊపింది.